ఎర్ర మూల ట్రేలు

అతనికి ఒక పేరుంది. అది జీతాల పట్టీలో ఉంటుంది, నెలకోసారి ఒక గుమాస్తా చదువుతాడు. మిగతా లోకానికి అతను పుల్లలాయన.

బాతులు పెంచేవాళ్ళు పెట్టిన పేరది. పశువైద్య శాఖలో అతని పని బాతుల వెనకాల దూదిపుల్ల పెట్టి తీయడం. ఇంతకన్నా మర్యాదగా చెప్పే వీల్లేదు. బాతును ఎడమ చంకలో ఇరికించుకుంటాడు, మోచేత్తో రెక్కలు అదిమి పెడతాడు, తోక పైకెత్తి దూది చుట్టిన పుల్లను పోనిచ్చి ఒక్క తిప్పు తిప్పుతాడు. బయటికి తీసి గులాబీ రంగు నీళ్ళున్న చిన్న ట్యూబులో ముంచి, పుల్లను పుటుక్కున విరిచి, మూత బిగించి, నంబరు రాసి ఐసు పెట్టెలో పెడతాడు. బాతు కిందికి దిగి ఒళ్ళు దులుపుకుని, ఏమీ జరగనట్టు నడిచిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే. ఇప్పటికి ఎన్ని బాతులయ్యాయో అతను లెక్క వేసుకోలేదు. వేసుకుంటే బతుకంతా ఒక తోక కిందే గడిచిపోయినట్టు తేలుతుందని భయం.

బాతులే ఎందుకని ఎవరైనా అడిగితే ఓపిగ్గా చెప్తాడు. కోడికి బర్డ్ ఫ్లూ వైరస్ సోకితే పొద్దున మేత తిన్నది సాయంత్రానికి కాళ్ళు చాపేస్తుంది. ఊరంతా గోల. బాతు అలా కాదు. చాలాసార్లు దానికి ఏమీ కాదు. తింటుంది, ఈదుతుంది, గుడ్డు పెడుతుంది. వైరస్ దాని పేగుల్లో కాపురం పెట్టి, సంతానాన్ని పెంచుకుని, రెట్టతోపాటు నీళ్ళలోకి దిగుతుంది. ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చిన అడవి బాతులు ఆ నీళ్ళలోనే ముక్కులు ముంచుతాయి. అవి తెచ్చింది ఇవి పుచ్చుకుంటాయి, ఇవి ఇచ్చింది అవి పట్టుకుపోతాయి. జబ్బు చేసినదాన్ని గుర్తుపట్టడం ఎవడికైనా వచ్చు. జబ్బు కనపడనిదాన్ని అనుమానించడం పుల్లలాయన ఉద్యోగం.

ఆ ఉద్యోగం అతని బంధుత్వాలను ఒక బోర్డు దగ్గర ఆపేసింది.

తమ్ముడికి ఊరి చివర గుడ్ల కోళ్ళ షెడ్డు ఉంది. ఇల్లూ ఆ ఆవరణలోనే. తొమ్మిదేళ్ళ కిందట షెడ్డు కట్టినప్పుడు గేటుకు తగిలించమని అన్నే ఒక బోర్డు రాయించి ఇచ్చాడు: "బాతులను తాకినవారు మూడు రోజులు గడిచేవరకు లోపలికి రారాదు." మంచి రంగుతో రాయించాడు, ఇప్పటికీ ఒక్క అక్షరం చెదరలేదు. అయితే అతను సోమవారం కాలువ గట్టు బాతుల్ని ముట్టుకుంటాడు, బుధవారం చెరువుల బాతుల్ని, శనివారం బజారు బాతుల్ని. మూడు రోజులు ఎప్పటికీ గడవవు. సెలవు పెట్టి రెండుసార్లు లోపలికి వెళ్ళాడు. రెండుసార్లూ మరదలు అతను కూర్చున్న కుర్చీ వంకే చూస్తూ ఉంది, ఈయన ఎప్పుడు లేస్తాడా, ఎప్పుడు కడుగుదామా అని. మూడోసారి సెలవు పెట్టలేదు.

ఏడాదికి రెండు మూడు ఆదివారాలు గేటు ఇవతల నిలబడతాడు. మరదలు భోజనం డబ్బా తెచ్చి గేటు దిమ్మె మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేస్తుంది.

"బావగారూ, డబ్బా మళ్ళీ తేవద్దండీ. మీ దగ్గరే ఉంచేసుకోండి."

"తేనులే అమ్మా."

అలా చేరిన డబ్బాలు అతని గదిలో పంతొమ్మిది. అద్దె గది, మేడ మీద. ఒక మంచం, ఒక కుర్చీ, పంతొమ్మిది డబ్బాలు. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు యాభై దాటింది కాబట్టి ఎవరూ అడగడం లేదు.

గుమ్మం దాటి లోపలికి వెళ్ళి కూర్చోగల ఇల్లు అతనికి లోకంలో ఒక్కటే ఉంది. కాలువ గట్టు మీద రేకుల ఇల్లు, రెండు గదులు, ముందు చిన్న వసారా, వెనక నాలుగు వందల బాతులు. ఇంటావిడకు అరవై ఉంటాయి, భర్త పోయి పదేళ్ళు. పొడుగు మనిషి, పొట్టి కోపం. పుల్లలాయన ఆమెను అక్కా అంటాడు. ఆమె అతన్ని పుల్లలాయనా అనే అంటుంది, కానీ ఆ పిలుపులో చీదరింపు ఉండదు. వసారా గోడకు రెండు మేకులున్నాయి. ఒకదానికి ఆమె టీ కప్పు, రెండోదానికి అంచు పగిలిన నీలం కప్పు. ఆ నీలం కప్పు అతనిది. ఇంకెవరికీ అందులో పొయ్యదు.

"ఏమయ్యా పుల్లలాయనా, ఇన్నేళ్ళుగా నా పిల్లల తోకలెత్తి చూస్తున్నావు. ఏం కనిపెట్టావు?"

"ఏమీ దొరకలేదక్కా. అదే మంచి వార్త."

"ఏమీ దొరకనందుకు జీతం ఇచ్చే ఉద్యోగం నీదొక్కటే అనుకుంటా."

ఆమె మందకు పెద్ద ఒక కుంటి పోతుబాతు. పొట్ట ముందుకు తోసి, మెడ నిక్కించి, వెనక వచ్చేవాళ్ళు వరస తప్పితే ఆగి ఒక్క అరుపు అరుస్తుంది. దానికి హెడ్మాస్టరని ఆమే పేరు పెట్టింది. హెడ్మాస్టరు పుల్లలాయన బండి చప్పుడు వినగానే ఎదురొస్తాడు. మిగతా బాతులు అతని వెనక వస్తాయి. ఎక్కడైనా పుల్లలాయన బాతుల్ని వలేసి పట్టాలి, ఇక్కడ మాత్రం అవే వచ్చి చంకలో దూరతాయి.

ఒకసారి టీ తాగుతూ ఆమెకు వైరస్ సంగతి చెప్పాడు.

"దానికి ఎనిమిది ముక్కలుంటాయక్కా. పేకముక్కలనుకో. ఒకే బాతు కడుపులోకి రెండు రకాలు చేరాయనుకో, ఇద్దరి చేతిలో ముక్కలూ కలిసిపోతాయి. బయటికొచ్చేటప్పుడు దాంట్లోవి అయిదు, దీంట్లోవి మూడు. అంతకుముందు లోకంలో ఎవరూ చూడని ఆట అది."

"అంటే నా బాతుల కడుపులో కూర్చుని పేకాడుతున్నారన్నమాట."

"ఆడుతుంటారు."

"మా హెడ్మాస్టరు ఒప్పుకోడు. బడిలో పేకాటేంటి?"

ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. గదిలో ఒక్కడే కూర్చుని మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు పంతొమ్మిది డబ్బాలకు తగిలి వెనక్కి వచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే ఆ ఇంటికి వెళ్ళడానికి అతనికి ఉన్న కారణం రెండు వారాలకు ఒక్కసారే. పుల్లలు పెట్టే సోమవారం వెళ్తాడు. మధ్య సోమవారం అవతలి గట్టు మందలు చూసుకుని, వంతెన మీద బండి ఆపి, ఆమె రేకుల కప్పు వైపు కాసేపు చూసి వెళ్ళిపోయేవాడు. పని లేకుండా ఎలా పోతాడు? ఏమని పోతాడు? అలాంటి మనిషి కాదు.

కారణాన్ని ట్రేలు ఇచ్చాయి.

ఆమె గుడ్లు బజారుకు అట్ట ట్రేలలో వెళ్తాయి. నానిన కాగితాన్ని అచ్చు పోసి చేసే ట్రేలు, ఒక్కోదాంట్లో ముప్ఫై గుడ్లు. గుడ్ల వ్యాపారి ఖాళీ ట్రేలు తిరిగి పంపుతాడు కానీ ఎవరివి ఎవరికి వస్తాయో దేవుడికే తెలియాలి. ఈమె గట్టి ట్రేలు వేరేవాళ్ళకు పోయి, వేరేవాళ్ళ చివికిన ట్రేలు ఈమెకు వచ్చేవి. ఆమె పట్టుదల మనిషి. ప్రతి ట్రే మూలకూ ఎర్ర రంగు పూసింది. వ్యాపారి వినలేదు. ఒక సోమవారం ఆమె ఆ వ్యాపారిని ఏడు తరాల వరకూ తిడుతుంటే పుల్లలాయన నోరు జారాడు.

"శనివారం శనివారం నేను బజారులోనే ఉంటాగా అక్కా. ఎర్ర మూలవి ఏరి నేనే తెచ్చిస్తా."

"నీకెందుకయ్యా శ్రమ?"

"దార్లోనే కదా."

దార్లో కాదు, మూడు మైళ్ళు చుట్టు. కానీ ఆ రోజు నుంచి మధ్య సోమవారం కూడా ఆ నీలం కప్పు మేకు మీంచి దిగింది.

ఒక మంద ట్రేలు ఇంకో మందకు పోకూడదు, బజారు నుంచి ఏ వస్తువూ మంద దగ్గరకు రాకూడదు అని ఇరవై రెండేళ్ళుగా అందరి గుమ్మాల్లో నిలబడి గొంతు చించుకుంటున్నది ఎవరు? ఇతనే. బజారులో ఖాళీ ట్రేల కట్టలు బాతుల బోనుల పక్కనే పేర్చి ఉంటాయి. పై బోను రెట్ట కింద కట్ట మీద పడుతుంది. ఇదంతా తెలియని అమాయకుడేం కాదు. అందుకే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. శనివారం తెచ్చిన ట్రేలను ఆదివారమంతా మేడ మీద ఎండలో పరుస్తాడు. మండే ఎండలో ఏ వైరసూ రోజంతా బతకదు. అంత ఆలోచించాడు కాబట్టి తప్పు చేయడం లేదని తనను తాను నమ్మించుకున్నాడు. రెండేళ్ళు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం అతని వృత్తిలో మంచి వార్త కదా.

ఒక ఆదివారం ఎండ రాలేదు.

ముసురు. సన్నటి వాన, చల్ల గాలి. ట్రేలు గదిలో మంచం కింద పెట్టాడు. అట్ట తడి పీల్చుకుని మెత్తబడింది. ఇలాంటి చలిలో, ఇలాంటి తేమలో ఆ వైరస్ ఎన్ని రోజులైనా కాచుకుని ఉంటుందని అతనికి తెలుసు; ఆ ముక్క తన నోటితోనే వంద మందికి చెప్పాడు. సోమవారం పొద్దున కట్టను చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వచ్చే వారం తీసుకెళ్ళొచ్చు. కానీ వచ్చే సోమవారం ఎలాగూ పుల్లలు పెట్టే సోమవారం. ఆ రోజు వెళ్ళడానికి ట్రేలు అక్కర్లేదు. ట్రేలు కావలసింది ఇవాళే.

తీసుకెళ్ళాడు. టీ వేడిగా ఉంది. హెడ్మాస్టరు కట్ట చుట్టూ కుంటుతూ తిరిగి, ముక్కుతో ఎర్ర మూలను పొడిచి చూసి ఒప్పుకున్నాడు.

ఆ శనివారం బజారులో తీసిన పదిహేడో నంబరు ట్యూబులో వైరస్ ఉందని తరవాతి వారం తెలిసింది. బజారు ఒక రోజు మూసి, కడిగి, మళ్ళీ తెరిచారు. బజారన్నాక ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. ట్రేల సంగతి అప్పుడు అతనికి తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా అన్నది వేరే ప్రశ్న. పుల్లలు పెట్టే సోమవారం అతనికే జ్వరం, మంచం దిగలేదు. అలా ఇంకో వారం గడిచింది.

ఆ తరవాతి సోమవారం అతను వెళ్ళేసరికి అక్క వసారాలో నిలబడి ఉంది.

"పక్కింటివాళ్ళ కోళ్ళు నాలుగు పోయాయయ్యా. నిన్న పొద్దున రెండు, సాయంత్రం రెండు. నా బాతులు మాత్రం చూడు, ఎలా ఉన్నాయో. పెళ్ళివారిలా తిరుగుతున్నాయి."

నిజమే. నీళ్ళలో మునిగి లేస్తున్నాయి, ఈకలు దువ్వుకుంటున్నాయి. కోళ్ళు పోయి బాతులు బాగుంటే అర్థం ఏమిటో పుల్లలాయనకు తెలిసినంతగా ఆ గట్టు మీద ఎవరికీ తెలియదు. ఇరవై బాతులకు పుల్లలు పెట్టాడు. చివరి బాతు హెడ్మాస్టరు. చంకలో వెచ్చగా, బరువుగా కూర్చున్నాడు.

బుధవారం ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. ఇరవైలో పదిహేను. శుక్రవారం పొద్దున మంద మొత్తాన్ని చంపాలని ఉత్తర్వు.

గురువారం మధ్యాహ్నం ల్యాబు మేడమ్ ఫోన్ చేసింది. పదేళ్ళుగా ఆమె గొంతు తప్ప మొహం తెలియదు. వేళాకోళం ఆడే మనిషి, ఆ రోజు ఆడలేదు.

"మీ కాలువ గట్టు వైరస్ జన్యుక్రమం మొత్తం చదివేశామండీ. పదమూడు వేల పైచిలుకు అక్షరాలు. మీ బజారు పదిహేడో ట్యూబు పక్కన పెట్టి చూశాను. తేడా ఎంతో తెలుసా? రెండు."

"రెండు వందలా?"

"రెండండీ. ఒకటి, రెండు. అంతే."

ఆమె విడమరిచి చెప్పనక్కర్లేదు, అయినా చెప్పింది. వైరస్ తన నకలు తాను రాసుకుంటూ పోతుంది, రాస్తూ తప్పులు చేస్తుంది. నిలబడే తప్పు సుమారు వారం పది రోజులకు ఒక అక్షరం. రెండక్షరాలంటే రెండు మూడు వారాల ప్రయాణం. అడవి పక్షులు ఎక్కడో పట్టుకుని, ఎన్నో నీళ్ళు తిరిగి తెచ్చుంటే పదులకొద్దీ తేడాలుండేవి.

"పైగా ముక్కలు చూడండి. అయిదు బజారు బాతుల్లో తిరిగేవి, మూడు ఎక్కడో చెరువు బాతులవి. ఈ కలయిక నేను ఆ పదిహేడో ట్యూబులోనే మొదటిసారి చూశాను. ఇంకెక్కడా లేదు. ఇది ఎగిరి రాలేదండీ. బజారు నుంచి ఏదో వస్తువుతో వచ్చింది. అదేంటో మీరే కనుక్కోవాలి."

"కనుక్కుంటాను మేడమ్."

"కనుక్కోండి. ఈసారి కూడా వలస పక్షులు అని రాసేశారంటే ఫైలు మూసేస్తారు. ఆ వస్తువు మాత్రం తిరుగుతూనే ఉంటుంది."

ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాడు. మంచం కింద ఖాళీ. అక్కడ అట్ట తడికి అంటిన చదరపు మరక ఇంకా ఉంది.

మంద చంపిన రోజు నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది: వ్యాధి వచ్చిన మార్గం. ఇరవై రెండేళ్ళుగా ఆ గడిలో అతను వలస పక్షులు అనే రాశాడు. పై డాక్టరుకు ఆ జవాబంటే ప్రాణం. "పిట్టలైతే ఎదురు మాట్లాడవయ్యా," అనేవాడు. ఈసారీ అదే రాస్తే ఎవరూ కాదనరు. కానీ అదే గుడ్ల వ్యాపారి వ్యాను శనివారం సాయంత్రం మళ్ళీ బయల్దేరుతుంది, బోనుల పక్కన పేర్చిన ట్రేలతో, మిగతా పదకొండు మందల ఇళ్ళకు. పన్నెండో చోటు తమ్ముడి షెడ్డు. అక్కడికి నెలకోసారి దించుతారు. దించేది ఈ శనివారమే.

ట్రేలు అని రాస్తే వ్యాను ఆగుతుంది. ఎవరు తెచ్చిన ట్రేలు అని తరవాతి గడి అడుగుతుంది. ఉద్యోగం పోతే పోయింది. నీలం కప్పు ఉన్న ఇల్లు ఒకటే ఉంది.

తమ్ముడికి ఫోన్ చేశాడు. మొత్తం చెప్పాడు. కోళ్ళ కలకలం మధ్య తమ్ముడు అడిగాడు.

"ఇది ఎవరెవరికి తెలుసన్నయ్యా?"

"నాకు."

"ఇప్పుడు నాకు. ఇక చాలు. నా ట్రేలు నేను దింపుకోను, కొత్తవి కొనుక్కుంటా. నువ్వు పిట్టలని రాసెయ్."

"మిగతా పదకొండు మంది?"

"వాళ్ళు నీకేమైనా వరసా? ఒక్కడైనా నిన్ను గుమ్మం ఎక్కనిచ్చాడా?"

"నువ్వు ఎక్కనిచ్చావురా?"

తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. పుల్లలాయన తన మాటకు తనే ఉలిక్కిపడ్డాడు. తొమ్మిదేళ్ళుగా గేటు ఇవతల నిలబడి ఒక్కసారీ అనని మాట. బోర్డు రాయించింది తనే కదా, ఏ మొహంతో అంటాడు?

శుక్రవారం పొద్దున తెల్ల తొడుగుల వాళ్ళు ఎనిమిది మంది దిగారు. బాతులు వాళ్ళను చూసి కాలువ మధ్యకు పోయాయి. పిలవమని అక్కను అడిగారు. ఆమె వసారాలో కుర్చీ వేసుకుని కాలువకు వీపు పెట్టి కూర్చుంది.

"నేను పిలవను. పిలిస్తే వస్తాయి. అందుకే పిలవను."

వలలు వేశారు, పడవ దింపారు. గంట గడిచినా ముప్ఫై కూడా చిక్కలేదు. చిక్కిన వాటి రెక్కలు విరుగుతున్నాయి. చూడలేక పుల్లలాయన తెల్ల తొడుగు విప్పేశాడు. మామూలు చొక్కాతో గట్టు దిగి, బండి దగ్గరకు నడిచి, దాన్ని ఒక్కసారి స్టార్టు చేసి ఆపాడు.

హెడ్మాస్టరు మెడ ఎత్తాడు. కుంటుకుంటూ ముందు నడిచాడు. వెనక మూడు వందల డెబ్భై, వరస తప్పకుండా.

పని గబగబా అయిపోయింది. హెడ్మాస్టరును ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. చంకలో ఇరికించుకున్నాడు, మోచేత్తో రెక్కలు అదిమాడు. అలవాటు కొద్దీ హెడ్మాస్టరు తోక తనే ఎత్తి నిలబెట్టాడు.

పదకొండు గంటలకు అందరూ వెళ్ళిపోయారు. కాలువలో నీళ్ళ చప్పుడు వినపడింది. ఇన్నేళ్ళలో అక్కడ నీళ్ళకు చప్పుడుందని అతనికి తెలియదు. చేతులు మూడుసార్లు కడుక్కుని వసారా మెట్టు మీద కూర్చుని ఫారం తీశాడు. అక్క కుర్చీ ఇంకా అటే తిరిగి ఉంది.

"ఏం రాస్తున్నావ్?"

"ఎలా వచ్చిందో రాయాలక్కా."

"ఆ పైనుంచి వచ్చే పిట్టలేగా. మా ఆయన ఉన్నప్పుడు రాళ్ళు విసిరేవాడు వాటి మీద. నేనే వద్దనేదాన్ని."

ఇక్కడ ఊరుకుంటే చాలు. ఊఁ అంటే చాలు. అతని చేతిలో కలం ఆ గడి మీదే ఉంది, ఆ రెండు మాటలు రాయడం దానికి కళ్ళు మూసుకున్నా వచ్చు.

"పిట్టలు కాదక్కా. నేను."

ఆమె కదల్లేదు.

"ట్రేలు. మొన్నటి ముసురు సోమవారం తెచ్చినవి. ఎండలో పెట్టకుండా తెచ్చాను. తెలిసే తెచ్చాను."

"తెలిసి ఎందుకు తెచ్చావ్?"

అతను గోడ మీద మేకు వైపు చూశాడు. ఆమె తిరిగి అతన్ని చూసింది, అతని చూపు పోయిన చోటు చూసింది, నీలం కప్పును చూసింది.

"ఊరికే రావచ్చుగా," అంది. "ఊరికే వస్తే టీ పొయ్యనన్నానా?"

నాలుగు వందల బాతులు, ఒక హెడ్మాస్టరు, పక్కింటి నాలుగు కోళ్ళు. అన్నీ ఊరికే రావచ్చా అని అతను ఒక్కసారి అడగకపోవడం వల్ల.

"రాయి," అంది ఆమె. "పైకి చదువుతూ రాయి."

"వ్యాధి వచ్చిన మార్గం: బజారు నుంచి తెచ్చిన గుడ్ల ట్రేలు. తెచ్చినవారు: ఈ ఫారం నింపుతున్న ఉద్యోగి."

"ట్రేలు ఆమె వద్దనలేదు అని కూడా రాయి. నేనూ ఎర్ర రంగు పూసుకుంటూ కూర్చున్నా కదా, నావి నాకే రావాలని."

"దానికి గడి లేదక్కా."

"గడి లేకపోతే పక్కన రాయి."

పక్కన రాశాడు. ఆమె లేచి మేకు మీంచి నీలం కప్పు తీసింది. టీ పొయ్యలేదు. అలా చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు ఈ చోటు ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచాలి? మీకో లెక్క ఉంటుందిగా."

"తొంభై రోజులు. ఆ తరవాత నీళ్ళు పరీక్ష చేసి, బాగుంటే కొత్త పిల్లల్ని తెచ్చుకోవచ్చు."

"నీకూ అంతే," అంది. "తొంభై రోజులు ఈ గట్టు మీద నీ మొహం కనపడకూడదు. తరవాత సంగతి తరవాత."

కప్పును మళ్ళీ మేకుకు తగిలించింది. అంచు పగిలిన వైపు గోడకు తిప్పి తగిలించింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

శనివారం వ్యాను బజారు దాటలేదు. ఆదివారం, సోమవారం వేరేవాళ్ళు పదకొండు ఇళ్ళకూ తిరిగి పుల్లలు పెట్టారు. నాలుగు చోట్ల దొరికింది, ఏడు చోట్ల దొరకలేదు. పుల్లలాయనను విచారణ ముగిసేవరకు పనిలోకి రావద్దన్నారు. ఐసు పెట్టె అప్పగించి, సంతకం పెట్టి వచ్చాడు. గుమాస్తా మొదటిసారి అతని పేరు పైకి చదివాడు.

మంగళవారం పొద్దున కాళ్ళు తమ్ముడి గేటు దగ్గరకు తీసుకెళ్ళాయి. బోర్డు అలాగే ఉంది. మరదలు బయటికి వచ్చి, డబ్బా కోసం వెనక్కి తిరగబోయి ఆగింది.

"బావగారూ, ముట్టుకుని ఎన్నో రోజండీ ఇవాళ?"

"నాలుగోది."

ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. గేటు గడియ తీసింది. తుప్పు పట్టి ఉంది, రెండు చేతులూ పెట్టి లాగాల్సి వచ్చింది.

లోపల కుర్చీ వేశారు. తమ్ముడు ఎదురుగా కూర్చున్నాడు, షెడ్డు వైపు చూస్తూ. వ్యాను ఆగిన కోపంతో గుడ్ల వ్యాపారి తమ్ముడి గుడ్లు ఎత్తనన్నాడని రోడ్డు మీద ఎవరో చెప్పారు. తమ్ముడు ఆ మాట ఎత్తలేదు, ఫోన్‌లో అన్న మాటా ఎత్తలేదు. షెడ్డులో కోళ్ళు గొంతులు విప్పి అరుస్తున్నాయి, అన్నీ బతికే ఉన్నాయి.

"తిను," అన్నాడు చివరికి.

మరదలు పళ్ళెంలో వడ్డించింది. డబ్బాలో కాదు, పళ్ళెంలో. ఈసారి ఆమె కుర్చీ వంక చూడలేదు. అయినా పుల్లలాయన అంచు మీదే కూర్చున్నాడు, పిలిస్తే లేచి వెళ్ళాల్సినవాడిలా. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు.

ఇంకా ఎనభై ఆరు.